రాతి బావిని పూడ్చకండి, ఉప్పును పైకి లాగకండి

పులికాట్ చుట్టుపక్కల ఊళ్లలో పాత కపిల బావులు ఒక్కొక్కటిగా చెత్తగుంటలవుతున్నాయి. చుట్టూ పేర్చిన రాళ్లు ఇళ్ల పునాదులకు పోతున్నాయి. మోటారు వచ్చాక బావెందుకంటున్నారు. మన సంఘంలోనూ ఈ మాట అనేవాళ్లున్నారు కనుక ఈ నెల దీని గురించే రాస్తున్నాం.

ఆ రాతి కట్టడం అందం కోసం కట్టింది కాదు. రాళ్ల సందుల్లోంచి పక్క నేలలోని నీరు బావిలోకి ఊరుతుంది, మట్టి మాత్రం జారిపడదు. అంచున నిలబెట్టిన రాతి స్తంభాలు గిలకను మోసేవి. ఎద్దులు ఏటవాలు దారిన దిగితే బాన పైకొచ్చేది, తొండంలోంచి నీళ్లు కాలువలో పడేవి. మన తాతల పంపుసెట్టు అదే. ఎద్దులు అలిసిపోతే తోడటం ఆగేది, ఆలోగా బావి మళ్లీ ఊరేది. కరెంటు మోటారుకు అలుపు లేదు.

సముద్రం పక్కనున్న మనకు అదే ప్రమాదం. ఇక్కడ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది, మజ్జిగ మీద వెన్నలా. శాస్త్రం లెక్క ప్రకారం పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకెక్కుతుంది. లోతుగా బోరు వేసినవాడు ఉప్పును వెతుక్కుంటూ పోయినట్టే. ఉప్పెక్కిన మడి తేరుకోవడానికి ఎన్ని వానలు కావాలో తడ, సూళ్లూరుపేట రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు.

మన పెద్దలు ఇసుక నేలల్లో లోతుకు పోకుండా దొరువులు తవ్వుకున్నారు. రాయదొరువు అన్న ఊరి పేరులోనే ఆ మాట ఉంది. బాపట్లలో ఉప్పునీటి మీద పనిచేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ దొరువునే మెరుగుపరిచారు. భూమిలో అడ్డంగా గొట్టాలు పరిచి, పైపొర నీటిని ఒక బావిలోకి చేర్చి, మోటారుతో తోడే పద్ధతి అది. అంటే మోటారు మన శత్రువు కాదు. కపిల మళ్లీ తోలమనీ ఎవరూ అడగడం లేదు, ఎద్దులేవి?

కొత్త బోరుకు అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. ఎవరి బోరుకు ఆ చట్టం అడ్డొస్తుందో, ఎవరి బోరుకు రాదో మీకు తెలుసు. దాని మీద పోరాటం ఎలాగూ తప్పదు. ఈలోగా ప్రతి గ్రామ కమిటీ తన ఊరి రాతి బావుల జాబితా రాయాలి: లోతెంత, రాయి ఎంతవరకు నిలిచింది, ఎండాకాలంలో నీటి రుచేమిటి. సంప్రదాయ నీటి వనరుల మరమ్మతు ఉపాధి హామీ పనుల్లో ఉంది. గ్రామసభలో తీర్మానం పెట్టించండి.

పూడికతీతకు పొక్లెయిన్ దింపనివ్వకండి. కింది వరస రాయి కదిలితే పై వరసలు నిలవవు. మనుషులు దిగే ముందు బావిలో చెడుగాలి ఉందేమో చూసుకోండి, ఒక్కరే దిగకండి.