‘బోర్డు పోయింది’ అనే మాటకు ముందు



పాత కంప్యూటరు ఆగిపోయినప్పుడు సాధారణంగా వినబడే మాట ఒకటున్నది: “బోర్డు పోయిందండి, కొత్తది తీసుకోండి.” ఆ మాట వినగానే చాలామంది దానిని పాత సామాన్లవారికి తూకానికి ఇచ్చేస్తారు. దానితో పాటు ఎన్నో యేండ్ల పని కూడ వెళ్లిపోతుంది. మన చిన్న పట్టణాల ప్రెస్సులలోను, కార్యాలయాలలోను అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన తెలుగు ఫైళ్లు ఇంకను ఉన్నవి. పేజ్‌మేకరు ఆఖరి వెర్షను 7.0 వచ్చినది 2001లో. అటువంటి ఫైళ్లు తెరవడానికి చాలాచోట్ల పాత యంత్రమే అక్కరకు వస్తుంది. గనుక బోర్డు నిజముగా పోయినదో, అందులో ఒక చిన్న భాగము మాత్రమే చెడినదో తెలుసుకొనే విధము ఈ నెల చూద్దాము.

మొదట ఒక ధైర్యము. మీరు చేసిన పని మదర్‌బోర్డులో ఉండదు, హార్డ్ డిస్కులో ఉంటుంది. బోర్డు చెడినంత మాత్రాన డిస్కులోనిది చెరిగిపోదు. కాబట్టి ఏ మరమ్మతుకైనా ముందు డిస్కు విప్పించి, మరొక కంప్యూటరుకు తగిలించి, కాపీ తీసి పెట్టుకోండి. యంత్రమును అమ్మివేయవలసి వచ్చినా డిస్కును మాత్రము ఇంట్లోనే ఉంచుకోండి.

ఇక పరీక్ష. ప్లగ్గు పూర్తిగా తీసివేసి, డబ్బా లోపలి ఇనుప భాగమును చేతితో తాకండి. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులకు హాని చేయగలదు. లోపలి దుమ్మును మెత్తని బ్రష్షుతో దులపండి. ర్యామును బయటికి తీసి, దాని అంచున ఉన్న పసుపుపచ్చని కాంటాక్టులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టండి. ఇంతమాత్రముతోనే లేచి కూర్చున్న యంత్రములు అనేకము.

అప్పటికీ తెర వెలగకపోతే ర్యామును పూర్తిగా తీసివేసి ఆన్ చేయండి. లోపలి చిన్న స్పీకరు “బీప్, బీప్” అని కూత పెడితే సంతోషించండి. ప్రాసెసరు పని చేస్తున్నది, బయాస్ చిప్పు చదవబడుతున్నది అని దాని అర్థము. బోర్డు చావలేదు. అవార్డు బయాస్ గల బోర్డులలో ఒక పొడవు కూత, రెండు పొట్టి కూతలు వస్తే డిస్‌ప్లే కార్డును అనుమానించాలి.

కూత రాకపోతే మల్టీమీటరు గల మెకానిక్కును పిలవండి. పవర్ సప్లయి తీగలలో పసుపు తీగలో 12 వోల్టులు, ఎర్ర తీగలో 5, నారింజ తీగలో 3.3 ఉండాలి. నూటికి ఐదు వంతుల వరకు తేడా ఉండవచ్చును. అనగా ఎర్ర తీగలో 4.75 కంటె తగ్గితే నేరము బోర్డుది కాదు, పవర్ సప్లయిది. ఒక హెచ్చరిక: పవర్ సప్లయి డబ్బాను మాత్రము ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో 300 వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును. అది ప్రాణాంతకము.

ఇప్పుడు బోర్డు మీద ప్రాసెసరు చుట్టూ చూడండి. చిన్న చిన్న డబ్బాలవలె నిలబడినవి కెపాసిటర్లు. మీ పంపు మోటారుకు, ఫ్యానుకు ఉండేది కూడ ఈ జాతిదే. బోరు నీళ్లు ఆగి ఆగి వస్తున్నా పైనున్న ట్యాంకు కుళాయికి సమానముగా నీరిచ్చినట్లు, ఇవి ప్రాసెసరుకు వెళ్లే కరెంటును ఒడుదుడుకులు లేకుండా చేస్తాయి. మంచి కెపాసిటరు తల చదునుగా ఉంటుంది. చెడినది ఉబ్బుతుంది, లేదా దాని తలపై గోధుమరంగు మరక కడుతుంది. అప్పుడు యంత్రము తనంతట తాను ఆగి మొదలవుతుంది, లేదా రెండు మూడుసార్లు నొక్కితే గాని లేవదు.

1999 మొదలు 2007 వరకు తయారైన బోర్డులలో ఈ జబ్బు ఎక్కువ. కొన్ని రకముల కెపాసిటర్లలో పోసిన ద్రవము సరియైన పాళ్లలో లేక, లోపల వాయువు పుట్టి అవి ఉబ్బిపోయినవి. చెడిన భాగములున్న కంప్యూటర్ల మరమ్మతు నిమిత్తము డెల్ కంపెనీ 2005లో సుమారు 30 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. అంత నష్టమునకు కారణము కొద్ది రూపాయల వస్తువే.

దానిని మార్చగలవాడు కంప్యూటరు షాపులోనే ఉండనక్కరలేదు. చెయ్యి తిరిగిన టీవీ మెకానిక్కు చాలును. అయితే అతనికి నాలుగు మాటలు చెప్పండి. మైక్రోఫారడ్ల సంఖ్య పాతదానిదే ఉండాలి. వోల్టుల సంఖ్య సమానముగానైనా ఎక్కువగానైనా ఉండవచ్చును గాని తగ్గరాదు. 105 డిగ్రీల వేడికి తట్టుకొనే ‘లో ఈఎస్ఆర్’ రకము కావాలి. నాలుగవది మరీ ముఖ్యము: డబ్బా మీద చార ఉన్న వైపు నెగటివ్. బోర్డు మీది గుర్తులు అన్ని కంపెనీలవి ఒకే తీరున ఉండవు. అందుచేత పాతది తీయక ముందే చార ఎటు ఉన్నదో కాగితము మీద గీసుకోవాలి. తిరగేసి పెడితే పేలగలదు. అలాగే టంకము బాగా కరగక ముందు లాగితే రంధ్రములోని రాగి పొర ఊడి, అప్పుడు బోర్డు నిజముగానే పోతుంది.

ప్రతిసారి తేదీ వెనుకకు పోతున్నదా? సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయినది, అది 3 వోల్టులది. కొత్తది వేయండి. మరీ పాత 386, 486 బోర్డులలోని బొంగు బ్యాటరీ కారితే ఆ క్షారము రాగి గీతలను తినివేస్తుంది. బ్యాటరీని తీయించి, వెనిగరు అద్దిన దూదితో తుడిచి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచి బాగా ఆరబెట్టాలి.

బోర్డు మీద నల్లగా కాలిన మచ్చ ఉన్నా, ప్రాసెసరు పక్కనున్న పెద్ద చిప్పు కాలినా అక్కడ ఆగండి. దాని మీద ఇక ఖర్చు పెట్టడము వృథా. అంతవరకు మాత్రము, “బోర్డు పోయింది” అన్నవారిని ఒక్క ప్రశ్న అడగండి: “ఏ భాగము పోయిందండీ?” జవాబు చూపగలిగినవారి చేతికే మీ యంత్రమును ఇవ్వండి.