జేడకు కొట్టిన మందు పంటకు తగిలింది



వానలు మొదలైతే చాలు, మన ఫోన్లలో ఒక ఫోటో తిరుగుతుంది. నల్లటి సాలెపురుగు, కింద ‘కరిస్తే గంటలో ప్రాణం పోతుంది, అందరికీ పంపండి’ అని రాత. శిడ్లఘట్ట, చింతామణి పక్క మనం జేడ అనేది దీన్నే. ఆ ఫోటోకు భయపడి ఇంట్లో స్ప్రే కొట్టేవాళ్లు మనలో ఉన్నారు. మేమూ కొట్టినాము. అందుకే ఈ నాలుగు మాటలు.

మా నాయనకు పిక్క వాచి, ఎర్రబడి, చీము పట్టింది. ఏం కరిచిందో ఎవరూ చూడలేదు. గోడ మీద అరచెయ్యంత జేడ ఉండేది కాబట్టి అదే అని మేమే తీర్మానం చేసినాము. అంగడి నుంచి స్ప్రే డబ్బా తెచ్చి మూలమూలకూ కొట్టినాము. పురుగుల ఇల్లు మా ఇంటిని ఆనుకొనే ఉంది, మధ్యలో ఒక్క తలుపు. పురుగులు నాలుగో జ్వరం దాటి మూడో రోజు మేత మీద ఉన్నాయి. తెల్లారేసరికి తలలు అటూ ఇటూ ఊపుతూ, పచ్చగా కక్కుతూ, ఒళ్లు ముడుచుకొని పడినాయి. నూరు మొట్టెల పంట పోయింది. నాయన కాలు చూసిన డాక్టరు, ‘ఇది జేడ కాటు కాదు, గీరుకున్న చోట చీము పట్టింది, షుగర్ ఉంది కదా’ అన్నాడు.

ఆలోచిస్తే ఇందులో వింత ఏమీ లేదు. స్ప్రే డబ్బాలో ఉండేది బొద్దింకల్ని, దోమల్ని చంపడానికి చేసిన మందు. పట్టుపురుగూ కీటకమే, పైగా మహా సుకుమారం. సాలెపురుగుకు 8 కాళ్లు, అది కీటకం కాదు. సందులో దాక్కొన్న దానికి మందు సరిగ్గా తగలను కూడా తగలదు. చంపాలనుకున్నది బతికింది, సాకుకున్నవి చచ్చినాయి.

ముందు గుర్తుపట్టడం నేర్చుకుందాం. రాత్రిపూట గోడ మీద వేగంగా పరిగెత్తే చదునైన పెద్ద జేడ గూడు అల్లదు, బొద్దింకల్ని తింటుంది. ఆడది తెల్లటి బిళ్ల లాంటి గుడ్ల సంచిని పొట్ట కింద పట్టుకొని తిరుగుతుంది. చేత్తో పట్టుకుంటే కరవవచ్చు, నొప్పి కాసేపే. మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో, తాకితే ఊగేది మనల్ని ఏమీ చేయదు.

జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకటి బ్రౌన్ విడో. బఠాణీ గింజంత గుండ్రటి పొట్ట, కాళ్లకు పట్టీలు, పొట్ట కింద డమరుకం ఆకారంలో నారింజ-ఎరుపు మచ్చ ఉంటాయి. దాని గుడ్ల సంచి చిన్న ఉండలాగ, ముళ్లుముళ్లుగా ఉంటుంది. పేర్చిపెట్టిన ట్రేలు, కుండీలు, కుర్చీల అడుగున చేరుతుంది. రెండోది టారంటులా. ఒళ్లంతా వెంట్రుకలు, చెట్టు తొర్రల్లో, బొరియల్లో ఉంటుంది. ఇది కరిస్తే నొప్పి, వాపు వస్తాయి. కొన్ని రకాలకైతే కండరాలు పట్టేస్తాయి.

వీటి కంటే మాకు ఎక్కువ భయం వేరే ఉంది. రాత్రి మేతకు లేవాలని మనం పురుగుల ఇంట్లోనే నేల మీద పడుకుంటాము. కట్లపాము కరిచేది అలాంటి రాత్రే. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా సరిగ్గా కనపడదు. ‘ఏదో జేడ పాకింది’ అని మళ్లీ పడుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కడుపు నొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా మంత్రం, పసరు అని ఆగకుండా, పాము విషానికి సూది మందు ఉండే పెద్దాసుపత్రికి పోవాలి. మంచం ఎక్కి, దోమతెర అంచులు పరుపు కింద దోపుకొని పడుకుంటే పాము నుంచి కాపు. దోమల చుట్టల అవసరమూ ఉండదు. ఆ పొగ కూడా పురుగులకు చేటే.

జేడలకు మందు చీపురే. పంటకూ పంటకూ మధ్య బ్లీచింగ్, సున్నం కొట్టే ముందు గూళ్లు, గుడ్ల సంచులు దులిపి కాల్చేయాలి. చంద్రికల్ని ఎండలో వేసి విదిలించాలి. కట్టెలు, సొప్పు తీసేసిన కొమ్మలు, పాత గోనెలు గోడకు దూరంగా పెట్టాలి. వాటిలో చెయ్యి పెట్టేటప్పుడు మందపాటి గ్లవుజులు వేసుకోవాలి. చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోవాలి. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. కిటికీలకు నైలాన్ జాలీ కొడితే ఊజీ ఈగా రాదు, జేడకు మేతా తగ్గుతుంది.

జేడ కరిచిందని ఖాయంగా తెలిస్తే సబ్బు నీళ్లతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. కోయొద్దు, కట్టు బిగించొద్దు. చిన్నపిల్లలైనా, ఒళ్లు పట్టేసినా, చెమటలు పట్టినా, ఊపిరి ఇబ్బందైనా ఆసుపత్రికి తీసుకుపోండి.

మా పంట ఎట్లాగూ పోయింది. మీది పోకూడదు. ఆ ఫోటో వస్తే మీ దగ్గరే ఆపేయండి. స్ప్రే కొట్టక తప్పదంటే, డబ్బా మూత తీసే ముందు పక్కింట్లో పురుగులు ఎన్నో జ్వరంలో ఉన్నాయో ఒక్క మాట అడగండి.