సైకిలెక్కిన బందిపోట్లు

హాస్యచిత్రమనగానే పేరుగాంచిన నటులు, కోట్ల వ్యయముతో కట్టిన సెట్టింగులు, కూడళ్లలో నిలువెత్తు వాల్‌పోస్టర్లు మనకు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ వైభవమేదియు లేక, ఏ పెద్ద సంస్థ అండయు లేక, ఊరిలోని పదిమంది స్నేహితులు చేతిసొమ్ము వేసికొని తీసిన హాస్యచిత్రములు కూడ మన దేశమున కలవు. వాటికి అభిమానులును కలరు, మేమును అట్టివారమే. అభిమానమున్నచోట పక్షపాతముండునన్న ఆక్షేపణను ముందుగనే అంగీకరించి, మాలెగాం చిత్రములను గూర్చి నాలుగు మాటలు పాఠకులకు విన్నవించుచున్నాము.

మాలెగాం మహారాష్ట్రలో నాసిక్ జిల్లాకు చెందిన మరమగ్గముల పట్టణము. మన సిరిసిల్ల నెరిగినవారికి ఆ ఊరిని ప్రత్యేకముగ వర్ణింపనక్కరలేదు. రేయింబవళ్లు మగ్గముల చప్పుడు, గాలినిండ నూలుధూళి, వారమునకొక్క సెలవు. ఆ సెలవు శుక్రవారము. ఆనాడు కార్మికులకు సినిమాయే ప్రధాన వినోదము. అచ్చట వీడియో పార్లరు నడపిన షేక్ నాసిర్ అను యువకుడు చాప్లిన్, బస్టర్ కీటన్‌ల మూకీ చిత్రములు తెచ్చి ఊరివారికి చూపుచుండెను. రెండు వీసీఆర్ యంత్రముల సాయముతో దృశ్యములను కత్తిరించి అతికించుటను తనంతట తానే అభ్యసించెను. 2000 సంవత్సరమున స్నేహితులను కూర్చుకొని అతడు తీసిన చిత్రము 'మాలెగాం కే షోలే'. దానికైన ఖర్చు సుమారు 50,000 రూపాయలు.

1975 నాటి 'షోలే'లో బందిపోట్లు గుర్రములపై వత్తురు. గుర్రములను అద్దెకు తెచ్చు స్తోమతు నాసిర్‌కు లేదు. కావున అతని బందిపోట్లు సైకిళ్లెక్కి వచ్చిరి. గబ్బర్ సింగ్ కాస్త రబ్బర్ సింగ్ ఆయెను. బసంతి బాస్మతి ఆయెను. ఊరు ఊరంతయు కదలివచ్చి చూచినది.

ఆ సైకిలు బందిపోట్లను మొదటిసారి చూచినప్పుడు మేమును విరగబడి నవ్వితిమి. కాని ఆ నవ్వు మంచి నవ్వు కాదని పిమ్మట తెలిసినది. పాపము, గుర్రములు లేనివారు సినిమా తీయ బూనిరే అన్న చులకన అందులో ఉండెను. రెండవసారి చూచినప్పుడుగాని అసలు సంగతి అంతుపట్టలేదు. సైకిలెక్కిన బందిపోటు ఎట్లుండునో నాసిర్‌కు మనకంటె బాగుగ తెలియును. తన పేదరికమును చూచి మనము నవ్వకమునుపే అతడు నవ్వి, ఆ నవ్వునే కథలో పెట్టినాడు. గుర్రము లేకపోవుట అతని చిత్రమునకు లోపము కాదు, అదే అందలి హాస్యము. కావున ఇట్టి చిత్రములను మెచ్చుకొనునప్పుడు పత్రికలలో తరచు కానవచ్చు 'ఇంత తక్కువ డబ్బుతో తీసినను ఫరవాలేదు' అను మాట మాకు సరిపడదు. అది మెచ్చుకోలు కాదు, దయ. కళాకారునకు దయ అక్కరలేదు.

ఒక గొప్ప రచనను పట్టుకొని హాస్యము చేయుట దానిని అవమానించుట యని తలచు పెద్దలు కొందరు కలరు. వారు తోలుబొమ్మలాటను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. రామాయణము సాగుచుండగా నడుమ కేతిగాడును బంగారక్కయు దూరి ఊరి మాటలాడి నవ్వించిపోవుదురు. అంతమాత్రమున రామునియందు భక్తి తగ్గిన ప్రేక్షకుడెవ్వడు? జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి తన కాలపు కవుల ధోరణులకు పేరడీలు వ్రాసి పేరడీ శాస్త్రి యనిపించుకొనెను. మూలరచన కంఠస్థమైననే గాని దానికి పేరడీ కుదరదని ఉపాధ్యాయులకు చెప్పనవసరము లేదు. నాసిర్ స్నేహితులకు 'షోలే' అట్లు కంఠస్థము.

అతని తరువాతి యత్నము 'మాలెగాం కా సూపర్‌మ్యాన్'. దాని నిర్మాణమును ఫైజా అహ్మద్ ఖాన్ అను దర్శకురాలు వెంటనుండి చిత్రించి, 2008లో 'సూపర్‌మెన్ ఆఫ్ మాలెగాం' అను డాక్యుమెంటరీగ రూపొందించినది. ఇంచుమించు ఒక గంట నిడివి గల ఈ చిత్రము అధ్యాపకులందరును చూడదగినది. పట్టాలు లేవు గనుక కెమెరాను సైకిలుపై నడిపింతురు; క్రేను లేనిచోట ఎడ్లబండియే క్రేను. ఆకుపచ్చ గుడ్డ వెనుక కట్టి, ముందు నాయకుని ఎగిరింతురు. ఒకనాడు ఉన్న ఒక్క కెమెరా నీట పడును. నాయకుడు షఫీక్ మగ్గముల కూలి, బక్కపలుచని మనిషి. సినిమా నడుమ అతని పెండ్లి! ఇక అతడు ధరించిన సూపర్‌మ్యాన్ పాత్రకు ఉబ్బసవ్యాధి. ఆకసమున ఎగురువానికి ఉబ్బసమేలయని అడుగవలదు; మాలెగాం ఆకసమునిండ ఉన్నది ధూళియే గదా. మునిసిపాలిటీ వారికి పది అర్జీలు పెట్టినను రాని స్పష్టత ఈ ఒక్క పరిహాసమున ఉన్నది.

ఆ డాక్యుమెంటరీ 2012లో థియేటర్లకు వచ్చునప్పటికి షఫీక్ లేడు. చిన్న వయసుననే కేన్సరు అతనిని పొట్టనపెట్టుకొనెను.

లోపములను దాచుట అభిమాని ధర్మము కాదు. ఊరి స్త్రీలు నటించుటకు వీలులేక నటీమణులను పొరుగూళ్లనుండి తెచ్చుకొనిరి. ఊరందరిదియు అనుకొన్న నవ్వులో సగము ఊరికి చోటు దొరకలేదన్నమాట. రచయిత ఫరోఘ్ జాఫ్రీ మనసు ఎప్పుడును బొంబాయి మీదనే. మూడు వందల కిలోమీటర్ల లోపుననే ఉన్న ఆ నగరము ఆయనకు చిక్కలేదు. పరాయి కథలపై ఆధారపడిన హాస్యము ఎంతకాలము నిలుచునన్న ప్రశ్నకు మావద్ద సమాధానము లేదు. 2025లో రీమా కాగ్తీ దర్శకత్వమున వీరి జీవితమే 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలెగాం' అను పెద్ద చిత్రమై వచ్చినది. చక్కని చిత్రమే. కాని డబ్బున్నవారు డబ్బులేనితనమును శ్రద్ధగ సెట్టు వేసి చూపుచుండగా మాకు మరల ఆ పాత సైకిళ్లే మేలనిపించినవి.

మన తెలుగునాట ఈ వరుస లేకపోలేదు. 1998లో నగేశ్ కుకునూర్ సొంత డబ్బు 17 లక్షలతో 'హైదరాబాద్ బ్లూస్' తీసెను. ఇంచుమించు ఇరువదేండ్ల క్రిందట వచ్చిన 'ది అంగ్రేజ్' పాతబస్తీ దక్కనీ పలుకుబడికే పట్టము గట్టినది. అంతవరకు ఆ మాట సినిమాలలో వినవచ్చినప్పుడు, తరచు అది మాటాడువానిని వెక్కిరించుటకే వినవచ్చెడిది. 2021లో ప్రవీణ్ కండ్రేగుల 'సినిమా బండి' వచ్చినది. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరా దొరకగా, ఒక పల్లెటూరి ఆటోవాడు, పెండ్లి ఫొటోలు తీయు స్నేహితునితో కలసి ఊరివారిచేతనే సినిమా తీయబూనుట అందలి కథ. మాలెగాం చూచినవారికి అది చుట్టాలింటికి వెళ్లినట్లుండును. మాండలికమును, బట్టతలను, నత్తిని, లావును పట్టుకొని నవ్వించుట మన పెద్ద చిత్రములలో నేటికిని ఆగలేదు. ఎదుటివానిని చూపి నవ్వించుటకు లక్షలు వ్యయమగుచున్నవి; తన్ను తాను చూచి నవ్వుటకు నాసిర్‌కు 50,000 చాలినవి.

ఇదంతయు పాఠశాలలకేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నేడు ఇంటింట సెల్‌ఫోను ఉన్నది. నాసిర్ రెండు వీసీఆర్‌లతో పడిన పాట్లు నేటి తొమ్మిదవ తరగతి బాలునకు అక్కరలేదు. మేమెరిగిన ఒక ఉన్నత పాఠశాలలో అట్టి పిల్లలే పదినిమిషముల చిత్రమొకటి తీసిరి. 'మాయాబజార్' ఘటోత్కచుడు మధ్యాహ్న భోజనపు బంతిలో కూర్చుండును. పళ్లెము పెద్దది, పడినది ఒక్క గరిటె నీళ్ల పప్పు. ఘటోత్కచుడు మాయలన్నియు పన్నును, పప్పు మాత్రము చిక్కబడదు. వంట చేయు అక్క తన పాత్రను తానే ధరించి, సరకు ఎంత వచ్చునో అంతియే వండుదునని ఘటోత్కచుని గదమాయించును. ప్రధానోపాధ్యాయుడు చూచి కడుపుబ్బ నవ్వెనట. పిదప, వార్షికోత్సవమునకు అధికారులు వచ్చుచున్నారు గనుక ఇది వేయుటకు వీలులేదనియు, పప్పు సంగతి తీసివేసి పరిశుభ్రతపై నీతివాక్యమేదైన చేర్చినచో చూతమనియు సెలవిచ్చెను. ఆయనను మేము నిందింపము. ఆయన ఇబ్బంది ఆయనది. పిల్లలు మాత్రము నీతివాక్యము చేర్చలేదు. పప్పు తీసివేసినయెడల ఇక నవ్వుటకేమి మిగులునని వారి వాదము. అది న్యాయమైన వాదమే.

చిత్రము ఆ ఫోనులోనే ఉండిపోయినది. ఫోనుగల పిల్లవాని ఇంటి వసారాలో కూర్చుండి మేము దానిని చూచితిమి. ఘటోత్కచుని గద చీపురుకట్టకు అట్ట చుట్టి చేసినది. రెండవ దృశ్యముననే ఊడిపోయినది. ఊడిన గదను ఘటోత్కచుడు ఒక్క నిమిషము తేరిపార చూచి, చక్కగ బంతి క్రింద ఊడ్చుట మొదలిడును.