డ్రూయిడ్ తోడేళ్లు: తోడా, బటనా?

డయాబ్లో 2లో డ్రూయిడ్ ఆడతా అంటే ఫ్రెండ్స్ చెప్పే సలహా ఒకటే: "విండ్ బిల్డ్ వేసుకో, జంతువుల జోలికి పోకు." ఒకప్పుడు అది కరెక్టే.

2001లో లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్‌తో వచ్చిన ఈ క్లాస్‌లో స్పిరిట్ వుల్ఫ్ స్కిల్ మిగతా జంతువులకి కూడా అటాక్ రేటింగ్, డిఫెన్స్ పెంచుతుంది. డైర్ వుల్ఫ్ లైఫ్ ఇస్తుంది, గ్రిజ్లీ డ్యామేజ్ ఇస్తుంది. ఐడియా సూపర్. కానీ ఎలుగుబంటిని పిలవగానే తోడేళ్లు మాయం! పాయింట్లు మూడింటికీ పెట్టాలి, కొట్లాటకి వచ్చేది మాత్రం ఒక్క రకమే.

ఇరవై ఏళ్ల తర్వాత, 2022లో రిసరెక్టెడ్‌కి వచ్చిన 2.4 ప్యాచ్ ఆ రూల్ తీసేసింది. ఇప్పుడు ఐదు స్పిరిట్ వుల్ఫ్‌లు, మూడు డైర్ వుల్ఫ్‌లు, ఒక గ్రిజ్లీ కలిసే నడుస్తాయి. మాది నర్సంపేట, పక్కనే పాకాల అడవి. ఎలుగుబంట్ల కథలు వింటూ పెరిగినోణ్ని. రాత్రి ఆఫీస్ పని అయ్యాక ఆ గుంపుని వెంటేసుకుని తిరుగుతుంటే ఆ మజానే వేరు.

అదే 2023లో డయాబ్లో 4 వచ్చినప్పుడు చూడండి. కాకులు, తోడేళ్లు, పాయిజన్ క్రీపర్ మూడూ కావాలంటే ఆరు స్కిల్ స్లాట్లలో సగం వాటికే పోయాయి. తోడుగా ఉండాల్సిన జంతువు బటన్ అయిపోయింది.

విండ్ బిల్డ్ ఇప్పటికీ ఫాస్టే, కాదనను. కానీ జంతువుల కోసమే డ్రూయిడ్ ఆడాలనుకుంటే పాత గేమ్‌తోనే మొదలుపెట్టండి.