కేబుల్ వచ్చింది, థీమ్ మారలేదు

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ, 1,224 కోట్ల రూపాయల ఖర్చు. పోర్ట్‌బ్లెయిర్ ఒక్కదానికే కాదు, స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు కూడా అది వెళ్లింది. అంతకు ముందు మాకు ఉపగ్రహమే దిక్కు. ఇప్పుడు ఫోన్లో సినిమా ఆగకుండా నడుస్తోంది. వీడియో కాల్‌లో సోంపేటలోని మనవడి మొహం ముక్కలవకుండా కనిపిస్తోంది. మనవాళ్లు పెట్టుకున్న చిన్నచిన్న వెబ్‌సైట్లు మాత్రం ఇంకా మొరాయిస్తూనే ఉన్నాయి. అందరూ నెట్‌వర్క్‌ని తిడతారు. నేను ఒప్పుకోను. తప్పు థీమ్‌ది, అంటే సైటుకి తొడిగే రెడీమేడ్ రూపానిది; దాని తర్వాత హోస్టింగ్‌ది, అంటే సైటుని అద్దెకి ఉంచే సర్వర్‌ది. ఆ రెండూ మనం ఎంచుకున్నవే.

పోర్ట్‌బ్లెయిర్‌లోని డాలీగంజ్‌లో నాదొక కంప్యూటర్ షాపు. ఇదే డాలీగంజ్‌లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి దీవుల కేంద్రం ఉంది. వాళ్లు సముద్రం సంగతి చూసుకుంటారు, నేను జెరాక్సులు, ఆన్‌లైన్ ఫారాలు, వాటి మధ్య సందు దొరికితే సైట్ల పని. మా అమ్మానాన్నలది శ్రీకాకుళం జిల్లా. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి తెలుగు సైటు పెట్టుకుంటే చదివే జనానికి కొదవ లేదు. మావాళ్ల సంఘానికి ఒకటి నడుపుతున్నాను. వైజాగ్ ఓడ ఎప్పుడు, స్కూల్లో చేరికలు ఎప్పుడు, అమ్మవారి పండగ చందా లెక్కలు, పోయినవారి కబురు. ఇంతే సరుకు. జంగ్లీఘాట్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఫోను నా బల్లమీద పెట్టి, "బాబూ, మన పేజీ తెరుసుకోట్లేదేటి?" అని అడిగితే నాకు అదే పరీక్ష. ఆ ఫోన్లో తెరుచుకోని సైటు ఎంత అందంగా ఉంటే ఎవరికి?

కేబుల్‌కి ముందు మాకు దిక్కైన ఉపగ్రహం భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనం పేజీ అడగాలంటే ఆ కోరిక పైకెళ్లి దిగాలి, జవాబు మళ్లీ పైకెళ్లి దిగాలి. వెలుతురు వేగంతో పోయినా సుమారు అర సెకను. కేబుల్‌లో చెన్నై వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. అప్పట్లో ఒక పేజీ డజన్లకొద్దీ చిన్న ఫైళ్లు అడిగితే ప్రాణం పోయేది. ఆ రోజుల్లో మేము బొమ్మలు తగ్గించి, హంగులు పీకేసి, అక్షరాలతో సరిపెట్టుకున్నాం. కేబుల్ వచ్చాక ఆ పొదుపు గాలికి పోయింది. థీమ్ అమ్మేవాడి నమూనా పేజీలో పెద్ద పెద్ద ఫొటోలు పక్కకి జారుతుంటాయి, అంకెలు తమంతట తామే పెరుగుతుంటాయి, మూలన ఒక బొమ్మ "హాయ్" అంటుంది. అది చూసి డబ్బు కట్టేస్తారు. స్వరాజ్ ద్వీప్‌లో హోమ్‌స్టే పెట్టినాయన మొదటి పేజీలో అలల వీడియో కావాలని పట్టుబట్టాడు. రేటు ఎంతో, జెట్టీ నుంచి ఎలా రావాలో, ఫోన్ నంబరు ఏమిటో తెలుసుకోవాలంటే ఆ అలలన్నీ దాటాలి. సముద్రం చూడ్డానికే విమానమెక్కి వచ్చేవాడికి సముద్రం వీడియో ఎందుకండీ?

తెలుగు సైటుకైతే థీమ్ ఎంచుకోవడంలో ఇంకో చిక్కు. థీమ్‌లు చేసేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. ఇంగ్లిష్‌కి వరసకీ వరసకీ మధ్య కొంచెం జాగా చాలు. మనకు పైన గుడి, కింద వొత్తు, ఒక్కోసారి వొత్తు కింద ఇంకో వొత్తు. ఇరుకు వరసల థీమ్‌లో శీర్షిక రెండు వరసలైతే పై వరస వొత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి, లేకపోతే సగానికి తెగిపోతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే థీమ్‌లో మాట చెల్లాచెదురవుతుంది. అలంకారంగా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే థీమ్‌లు కొన్నుంటాయి, వాటిలో సంయుక్తాక్షరం ఏమైపోతుందో చూసి తీరాలి. అందుకే నమూనా పేజీని నేను నమ్మను. "రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమం, జ్యోత్స్న, సంక్రాంతి" అని శీర్షికలో కొట్టి, చవక ఫోన్లో, ఎండలో నిలబడి చూస్తాను. లేత బూడిదరంగు అక్షరాలు ఆ ఎండకి మాయమవుతాయి. అది చాలు ఆ థీమ్ పక్కన పెట్టడానికి.

ఫాంట్ సంగతీ అంతే. థీమ్‌తో వచ్చే సోకు ఫాంట్లలో చాలావాటికి తెలుగు రాదు. బ్రౌజర్ ఆ ఫైలు దించుకుంటుంది, తెలుగు కనిపించేది మాత్రం ఫోన్లో ముందే ఉన్న ఫాంట్లోనే. మనకు పనికిరాని దానికి డేటా ఖర్చన్నమాట. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. కావాలంటే శీర్షికకి ఒకటి పెట్టుకోండి. ఒళ్లంతా అక్కర్లేదు. నోటీసు చదివే మనిషికి ఫోన్లో ఉన్న ఫాంటు చాలు.

ఇక హోస్టింగ్. దీన్ని కొనేటప్పుడు జనం చూసేది మొదటి ఏడాది ధర ఒక్కటే. రెన్యువల్ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా పాత కంపెనీ అలాగే మొదట చవగ్గా ఇచ్చి, తర్వాత అంతకు కొన్ని రెట్లు అడిగింది. పేరు అనవసరం, ఈ వ్యాపారంలో అది మామూలే. పైగా సర్వర్ అమెరికాలో. డాలీగంజ్ నుంచి జంగ్లీఘాట్‌కి కబురు చెప్పడానికి అమెరికా వెళ్లి రావడం ఏమిటి? ఆ దూరానికి ప్రతి కోరికకీ పావు సెకను దాకా పోతుంది, ఉపగ్రహం రోజుల్లో సగం నిదానం తిరిగి తెచ్చుకున్నట్టే. సింగపూర్ మ్యాపులో దగ్గరగా కనిపిస్తుంది కానీ మా కేబుల్ వెళ్లేది చెన్నైకే. అందుకే సర్వర్ ముంబైలోనో చెన్నైలోనో ఉన్న కంపెనీకి మారాం.

మారడం కష్టమేమీ కాదు, కానీ వరస తప్పితే నష్టం తిరిగి రాదు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడిచేది వర్డ్‌ప్రెస్ మీద. అందులో ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే ఫైల్లో రాతలుంటాయి, ఫొటోలుండవు. ఫొటోలు పాత సర్వర్లో ఎక్కడున్నాయో ఆ చిరునామాలు మాత్రమే ఉంటాయి. కొత్త చోటికి వెళ్లాక వర్డ్‌ప్రెస్ ఆ చిరునామాలు పట్టుకుని పాత సర్వర్ నుంచే బొమ్మలు తెచ్చుకుంటుంది. డబ్బు మిగుల్చుకుందామని ముందే పాత ఖాతా మూసేసిన వాళ్లకి పదేళ్ల పండగ ఫొటోలు ఖాళీ చట్రాలై మిగులుతాయి. కొత్త ఇంట్లో సామాను సర్దుకున్నాకే పాత ఇంటి తాళం ఇవ్వాలి.

ఇంగ్లిష్ సైట్లకి రాకుండా తెలుగు సైట్లకి వచ్చే గండాలు రెండున్నాయి. ఒకటి అక్షరాల కోడు. డేటాబేస్ పాతకాలపు పద్ధతిలో ఉంటే, మారాక తెలుగు బదులు తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే, పేజీ నిండా వస్తాయి. కంగారు పడక్కర్లేదు, అసలు సరుకు లోపల భద్రంగా ఉంది, చదివే పద్ధతి తప్పింది. యూటీఎఫ్-8 అనే కోడుకి సరిచేస్తే తిరిగొస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరాలు పోయినట్టే. అప్పుడు పాత బ్యాకప్ ఒక్కటే దారి.

రెండోది పేజీ చిరునామా. శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ చిరునామా కూడా తెలుగులోనే కడుతుంది. ముచ్చటగానే ఉంటుంది. కానీ లోపల ఒక్కో తెలుగు గుర్తుకి తొమ్మిది ఇంగ్లిష్ గుర్తులు పడతాయి. "శ్రీకాకుళం" అన్న ఒక్క మాటే తొంభై. ఉన్న జాగా రెండు వందలు. మూడో మాటకొచ్చేసరికి చిరునామా తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ గొలుసు చూసి ఏదో వైరస్ అనుకుని ముట్టుకోరు. ఈ ఒక్క విషయంలో భాషాభిమానం పక్కన పెట్టి, చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టమంటాను. పేజీ లోపల ఎంత తెలుగైనా రాసుకోవచ్చు.

మా దీవుల్లో ఇంకో తమాషా ఉంది. 2018 డిసెంబరులో హేవలాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఊరి పేరు డొమైన్‌లో, అంటే సైటు పేరులో, పెట్టుకున్నవాళ్లు పేరు మార్చమని షాపుకొచ్చారు. మార్చుకోండి, తప్పులేదు. కానీ పాత డొమైన్ వదిలేయకండి. దానికి ఏటా కట్టి, పాత చిరునామాకి వచ్చినవాణ్ణి శాశ్వత మళ్లింపుతో కొత్తదానికి పంపండి. వదిలేసిన పేరుని ఇంకెవడో కొని అందులో ఏ జూదం సైటో పెడతాడు, మీ ఇంటి గోడమీద రాసిన చిరునామా అటు తీసుకెళ్తుంది.

"ఇదంతా ఎందుకు, వాట్సాప్ గ్రూపుంది కదా" అంటారు. ఉంది. పోయినేటి ఓడ షెడ్యూలు ఈ ఏడు తిరుగుతుంది, కింద తేదీ ఉండదు, అది చూసి మాయాబందర్ నుంచి సామాను కట్టుకుని వచ్చేస్తారు. సైటులో తేదీ ఉంటుంది, తప్పుంటే దిద్దొచ్చు. ఫేస్‌బుక్ పేజీ చాలంటారు కొందరు. జనం ఉచితంగా పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ అనే మహానగరాన్ని యాహూ 2009 అక్టోబరులో మూసేసింది, ఫేస్‌బుక్ లాంటిదే అయిన గూగుల్ ప్లస్ 2019లో పోయింది. వాటిలో రాసుకున్నవాళ్లు కాపీ దాచుకుంటే మిగిలింది, లేకపోతే లేదు.

తెలుగు సంఘాల పెద్దలకు నా మనవి. ఈసారి రెన్యువల్ డబ్బు కట్టేముందు మీ సైటు చేసిన కుర్రాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. డొమైన్ ఎవరి పేరున ఉంది? పాస్‌వర్డులు సంఘం దగ్గర ఉన్నాయా? రాతలు, ఫొటోలు, డేటాబేస్ కలిపిన పూర్తి కాపీ సంఘం పెన్‌డ్రైవ్‌లో ఉందా? కుర్రాడు మంచివాడే కావచ్చు, కానీ రేపు ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వెళ్లిపోతాడు. మూడింటికీ సరైన జవాబు వచ్చేదాకా కొత్త థీమ్ మాట ఎత్తనివ్వకండి.