మంచుదీపమునకు వేఱు మీట

అరకు కనుమదారిలో పొగమంచు క్రమ్మినపుడు మోటారు నడుపువాడు హెడ్‌లైట్లను పూర్తిగా వెలిగించిన నేమగును? ఆ వెలుగు మంచుబిందువులపై బడి వెనుకకు మఱలి, కన్నులయెదుట తెల్లని తెరయై నిలుచును. మంచుదీపమన్ననో, క్రిందుగా నమర్పబడి, వెడల్పైన కాంతిని నేలవెంట ప్రసరింపజేసి త్రోవ యంచులను జూపును. అట్టి దీపము కొన్ని కార్లలో హెడ్‌లైటు వెలిగిననేగాని వెలుగదు. ఇది యుక్తము గాదు. ముందరి మంచుదీపమును హెడ్‌లైట్లతో నిమిత్తము లేకయే వెలిగించుటకును ఆర్పుటకును వీలుండవలెనని ఐక్యరాజ్యసమితి వాహనముల 48వ నిబంధనము సైతము విధించుచున్నది.

ఈ మార్పు కష్టసాధ్యము కాదు. ఐనను తీగకు తీగను ముడివేసి యూరకుండరాదు. 55 వాట్ల దీపములు రెండును 12 వోల్టులకు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును గ్రహించును. చిన్నమీట యంత భారము నోర్వక వేడెక్కును. కావున మీట రిలేను మాత్రమే నడుపవలెను. దీపముల విద్యుత్తు బ్యాటరీచెంతనుండు 15 ఆంపియర్ల ఫ్యూజును దాటి, రిలే ద్వారా పోవలెను. మీటకు విద్యుత్తును పార్కింగు దీపముల తీగనుండి గైకొన్నచో వెనుకటి యెఱ్ఱదీపములును తప్పక వెలుగుచుండును. వాని నార్పగనే మంచుదీపములును ఆఱిపోవును.

ఐనను స్వాతంత్ర్యమునకు బాధ్యత తోడుండవలెను. మంచు విడిన పిమ్మటను ఆ దీపములతోనే పోవువాడు ఎదుటివాని కన్నులకు బాధ గూర్చును. వెలిగించు వ్రేలే యార్పవలసిన వ్రేలు.