ఎనిమిదుల జోడీ, అష్టమ శని, నా తప్పు లెక్క

మా మేనల్లుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. వయసు ముప్ఫై లోపే. కిందటి ఏడాది స్నేహితులతో గోవా వెళ్ళి, మాండవి నదిలో లంగరేసిన ఒక కాసినో ఓడలో పోకర్ టోర్నమెంటు ఆడాడు. ఇరవై మంది ఆడితే నాలుగో స్థానంలో బయటికొచ్చాడు. బహుమతులు మూడే. అంటే చేతికి రూపాయి రాలేదు.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆ కథ చెప్పాడు. వీడి చేతిలో ఎనిమిదుల జోడీ ఉంది. ఎదుటివాడు తన చిప్స్ మొత్తం ముందుకు తోశాడు. వీడు సై అన్నాడు. ఎదుటివాడు ఆసు, రాజు చూపించాడు. బల్ల మీద నాలుగు ముక్కలు తెరిచేదాకా వీడిదే పైచెయ్యి. అయిదో ముక్క ఆసు!

మా చెల్లెలు అక్కడే ఉంది. "ఎనిమిదంటేనే శని కదరా. నీకిప్పుడు అష్టమ శని నడుస్తోంది. మందపల్లి వెళ్ళి తైలాభిషేకం చేయించుకోమంటే వినవు" అంది. నేను నవ్వేశాను. "శనీ లేదు గినీ లేదు. జోడీకీ, దానికంటే పెద్దవైన రెండు విడి ముక్కలకీ పోటీ పెడితే నూటికి 55 సార్లు జోడీయే గెలుస్తుంది. ఒరేయ్, నువ్వు సరిగానే ఆడావు. ఫలితం నీ చేతిలో లేదు" అన్నాను.

వాడి ముఖం వెలిగింది. "అదే కదా మావయ్యా! నా ఆట కరక్టే, లక్కే లేదు. రెండేళ్ళు ఉద్యోగం మానేసి ఇదే ఆడితే లెక్క ప్రకారం గెలవాలి కదా?" అన్నాడు.

నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ రాత్రి కాగితం, పెన్సిలు ముందేసుకుని కూర్చున్నాను. రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైన వాణ్ణి, కూడికలకి భయపడను. తెల్లారేసరికి తేలిందేమిటంటే, మా చెల్లెలు చెప్పింది తప్పు, నేను చెప్పిందీ తప్పే. ఆమెది గ్రహాల తప్పు, నాది సగం లెక్క తప్పు. వాడికి ఎక్కువ హాని చేసేది నాదే, ఎందుకంటే అది లెక్కలాగా కనిపిస్తుంది.

ఒక మాట ముందే చెబుతాను. ఈ వ్యాసం పేకాటని సమర్థించడానికి కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటికీ అదే నిషేధం పెట్టింది. అది మంచిదే అని నా అభిప్రాయం. కానీ ఒక ఆటలో మనిషి బుద్ధి ఎక్కడ జారుతుందో చూడడం హేతువాదికి పనికొచ్చే విషయమే.

ఆట తెలియని వారి కోసం నాలుగు మాటలు. ఈ పోకర్లో ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు. మొత్తం ఏడింటిలో మంచి అయిదు ఎవరివైతే వారిది గెలుపు. చేతికొచ్చిన రెండూ ఒకే అంకె అయితే దాన్ని పాకెట్ పెయిర్ అంటారు. 52 ముక్కల్లో రెండేసి తీస్తే 1,326 రకాలు వస్తాయి, అందులో జోడీలు 78. అంటే 17 సార్లకి ఒకసారి. ఫలానా ఎనిమిదుల జోడీయే కావాలంటే 221 సార్లకి ఒకసారి. అంత అరుదుగా వస్తుంది కనుక రాగానే మనిషికి వదలబుద్ధి కాదు. మొదటి జారుడు అక్కడే.

ఇప్పుడు అసలు లెక్క. ప్రవేశం పదివేలు, కాసినో రుసుము ఇంకో వెయ్యి. ఇరవై మందికి బహుమతి సొమ్ము 2,00,000. మొదటి బహుమతి లక్ష, రెండోది 60,000, మూడోది 40,000. ఒక్కొక్కరికి పదివేల చిప్స్ ఇచ్చారు. అంటే మొదట్లో ఒక చిప్పు ఒక రూపాయి. చివరికి నలుగురు మిగిలారు. లెక్క తేలిక కోసం నలుగురి దగ్గరా 50,000 చిప్స్ చొప్పున ఉన్నాయనుకుందాం (మా వాడు చెప్పినదీ ఇంచుమించు అంతే). నలుగురూ సమానం కనుక ఒక్కొక్కరి వాటా విలువ రెండు లక్షల్లో నాలుగో వంతు, 50,000 రూపాయలు.

మా వాడు సై అని గెలిస్తే లక్ష చిప్స్ అవుతాయి. వాటి విలువ లక్ష రూపాయలా? కాదు! సగం చిప్స్ ఉన్నవాడికి మొదటి బహుమతి వచ్చే అవకాశం సగం, రెండోది మూడో వంతు, మూడోది ఆరో వంతు. కలిపితే 50,000, 20,000, 6,667. మొత్తం 76,667 రూపాయలు. చిప్స్ రెట్టింపయ్యాయి, విలువ ఒకటిన్నర రెట్లే అయింది. ఓడితే మాత్రం సున్నా. దీన్ని ఇండిపెండెంట్ చిప్ మోడల్ అంటారు, పోకర్ ఆడేవారికి 1980ల నుంచీ తెలిసిన పద్ధతే.

మిగిలిన 23,333 ఎటు పోయింది? చేతులు కట్టుకుని చూస్తున్న మిగతా ఇద్దరికీ చెరి 11,667 చేరింది. ఒక్క ముక్క కూడా ఆడకుండానే! ఇద్దరు కొట్లాడుకుంటే మూడోవాడు బాగుపడతాడన్న మాట ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది.

కాబట్టి 50,000ని పణం పెట్టి 76,667 కోసం దిగాలంటే నూటికి 65 సార్లైనా గెలవాలి. మా వాడికి ఉన్నది 55. వందలో 55 సార్లు 76,667 అంటే సగటున 42,167. ముక్కలు పారేసి కూర్చుంటే 50,000. అంటే సై అన్న క్షణంలోనే వాడు దాదాపు 7,800 రూపాయలు పోగొట్టుకున్నాడు, అయిదో ముక్క తెరవక ముందే. ఆ ముక్క ఆసు కాకుండా రెండో మూడో అయి వాడు గెలిచి ఉన్నా ఆ నిర్ణయం తప్పే. (బ్లైండ్స్ అనే తప్పనిసరి పందేల్ని పక్కన పెట్టాను. కలిపితే అంకె కాస్త మారుతుంది, తీర్పు మారదు.)

అలాగని ఎనిమిదులు చెడ్డ ముక్కలు కావు. ఎదుటివాడు ఏ ముక్కలొచ్చినా గుడ్డిగా తోస్తున్నాడని తెలిస్తే, వాటి మీద ఎనిమిదుల జోడీ 69 సార్లు గెలుస్తుంది. అప్పుడు సై అనడం సబబే. మూడు బహుమతులూ ఖాయమై ఇద్దరే మిగిలాక 55 కూడా చాలు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ముందుగా తోసేది మా వాడే అయ్యుంటే ఆ 65 శాతం గోడ ఎదుటివాడి ముందు ఉండేది. ఆసు, రాజు పట్టుకున్నవాడికి ఎనిమిదుల మీద ఉన్నది 45. లెక్క తెలిసినవాడైతే పారేసేవాడు. తోసేవాడికి గెలవడానికి రెండు దారులు, ఎదుటివాడు పారేయడం ఒకటి, ముక్కలు కలిసి రావడం ఒకటి. సై అనేవాడికి ఒక్కటే దారి. డేవిడ్ స్క్లాన్‌స్కీ 2002లో టోర్నమెంట్ల మీద రాసిన పుస్తకంలో ఈ తేడా గురించి చెప్పాడు. జోడీ అదే, ఎనిమిది అంకె అదే. పరిస్థితిని బట్టి విలువ మారింది. అంకెకి సొంత శక్తి ఏమీ లేదు, శని సంఖ్య అయినా సరే.

జోడీ కోసం కాచుకు కూర్చోవడం ఇంకో జారుడు. "చాలాసేపటి నుంచి రాలేదు, ఇప్పుడు రావాలి" అంటారు. పేకకి జ్ఞాపకం లేదు. 12 సార్లు ముక్కలు పంచినా ఒక్క జోడీ కూడా రాకపోయే అవకాశం 48 శాతం. నలుగురు మిగిలిన బల్ల మీద 12 పంపకాలంటే మూడు చుట్లు. బ్లైండ్స్ 2,000, 4,000 అయితే చుట్టుకి 6,000 చొప్పున 18,000 చిప్స్ కూర్చుని ఉండగానే కరిగిపోతాయి. మంచి ముహూర్తం కోసం ఎదురుచూసి పిల్ల పెళ్ళి వాయిదా వేసినట్టు ఉంటుంది.

ఈ లెక్క వాడికి చూపిస్తే, "మరి గెలిచినవాళ్ళంతా ఇలా లెక్క వేసుకుని గెలిచారా?" అన్నాడు. మంచి ప్రశ్న. 2009 లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన టోర్నమెంటు సంగతి చూడండి. ఆడినవారు 6,494 మంది. గెలిచిన జో కాడా వయసు 21. బహుమతి 85 లక్షల డాలర్లకి పైనే. చివరి బల్ల మీద అతను మూళ్ళ జోడీతో అంతా తోస్తే జెఫ్ షుల్మన్ దగ్గర జాకీల జోడీ ఉంది. బల్ల మీదికి ఇంకో మూడు వచ్చి కాడా బతికాడు. ముగ్గురే మిగిలాక రెళ్ళ జోడీతో తోస్తే ఫ్రాన్సుకి చెందిన ఆంత్వాన్ సావూ దగ్గర రాణుల జోడీ ఉంది. మళ్ళీ ఇంకో రెండు వచ్చింది! ఆ తర్వాత కాడా ఆసు, రాజుకి సావూ ఎనిమిదుల జోడీ ఎదురైంది. అయిదో ముక్క రాజు, సావూ ఇంటికి. ఆఖరి పోటీలో కాడా తొమ్మిదుల జోడీ, డార్విన్ మూన్ రాణి, జాకీల మీద నిలిచింది.

చిన్న జోడీ పెద్ద జోడీని కొట్టే అవకాశం నూటికి 18, 19. ఆసు, రాజు ఎనిమిదుల్ని కొట్టేది 45. తొమ్మిదులు నిలిచేది యాభైకి కాస్త పైన. నాలుగూ వరసగా జరిగే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. కాడా తప్పు ఆడాడని నేను అనడం లేదు. తోయడానికీ సై అనడానికీ తేడా ఉందని పైన నేనే చెప్పాను. అతని విజయాన్ని పాఠంగా తీసుకోకూడదని అంటున్నాను. 6,494 మందిలో ఎవరో ఒకరు గెలిచి తీరాలి. గెలిచినవాడి వెనక ఇలాంటి ముక్కలు ఉండే తీరతాయి. పది జోస్యాల్లో ఫలించిన ఒక్కదాన్ని పేపర్లో వేయించుకునే జ్యోతిష్కుడి లెక్కా ఇదే. ఇంతకీ ఎనిమిదులతో పోయిన ఆ ఫ్రెంచి మనిషికి ఏ అష్టమ శని పట్టిందో మా చెల్లెలు ఇంకా చెప్పలేదు.

ఆడిట్‌లో మేము పాటించిన పద్ధతి ఒకటుంది. సరుకు కొన్నాక ధర పడిపోయిందని అధికారిని తప్పు పట్టం. ఆ రోజు ఫైల్లో ఏముంది, టెండర్లు పిలిచాడా, ధరలు పోల్చాడా అని చూస్తాం. టెండరు పిలవకుండా కొని, తర్వాత ధర పెరిగి లాభం వచ్చినా అభ్యంతరం రాస్తాం. నిర్ణయాన్ని నిర్ణయం జరిగిన తేదీన ఉన్న సమాచారంతోనే కొలవాలి. సర్వీసంతా ఇది పాటించిన నేను సంక్రాంతి నాడు మేనల్లుడిని ఓదార్చడానికి, వాడు ఓడిన తర్వాత ఒక అంకె వెతికిపెట్టాను. ఎదుటివాడి చేతిలో ఆసు, రాజు ఉన్నాయని వాడికి తెలిసింది సై అన్న తర్వాతే కదా! తొమ్మిదుల జోడీ ఉండి ఉంటే ఆ 55 ఇరవై దగ్గరికి పడిపోయేది. నేను చేసిందీ జాతకం చెప్పడమే.

ఉద్యోగం మానే సంగతీ లెక్క వేశాం. ఇరవై మంది 2,20,000 కడితే తిరిగొచ్చేది 2,00,000. సగటు ఆటగాడు ప్రతిసారీ వెయ్యి రూపాయల నష్టంతో మొదలుపెడతాడు, రైలు, బస ఖర్చులు వేరే. గెలిస్తే 30 శాతం పన్ను ఉంది, ఓడిన సొమ్ముని అందులోంచి తీసివేసి చూపడానికి చట్టం ఒప్పుకోదు. "నేను బాగా ఆడతానేమో, 40 టోర్నమెంట్లు ఆడి చూస్తాను" అన్నాడు. ఇరవై మందిలో మూడు బహుమతులంటే మామూలు ఆటగాడికి 40కి ఆరు వస్తాయి. కానీ అలాంటి మామూలువాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి కేవలం కలిసొచ్చి ఎనిమిదీ, అంతకంటే ఎక్కువా వస్తాయి. ఎనిమిది వచ్చినవాడు తన ప్రతిభ అనుకుంటాడు, నాలుగు వచ్చినవాడు గ్రహాలు అంటాడు. 40 ఆటల్లో ఆ తేడా తేలదు.

వాడికి ఒక పుస్తకం కొనిచ్చాను. ఆడితే ఆడు, ప్రతి పెద్ద నిర్ణయానికీ కారణం ఫలితం తెలియక ముందే మనసులో ఖాయం చేసుకో, విరామంలో అలాగే రాయి, తర్వాత దిద్దకు అన్నాను. క్యాష్ బుక్ ఏ రోజుది ఆ రోజే ముగించాలి. ఉద్యోగం ప్రస్తుతానికి మానలేదు. పుస్తకం ఇంకా నాకు చూపించలేదు.

మిత్రులకి నా విన్నపం ఒక్కటే. మన సభల్లో దెయ్యాల్నీ బాబాల్నీ ఎండగట్టడం బాగానే చేస్తున్నాం. కానీ ఇంట్లో ఎవరైనా ఓడి వచ్చినప్పుడు "ఎందుకలా చేశావు, అప్పుడు నీకేం తెలుసు" అని అడుగుతున్నామా? గెలిచి వచ్చినప్పుడు అదే ప్రశ్న అడుగుతున్నామా? నేను అడగలేదు. నూటికి 55 అన్న అంకె చెప్పి, ఒక కుర్రాడిని ఉద్యోగం మానే దాకా తోశాను. అంకె ఉన్నంత మాత్రాన అది హేతువు అయిపోదు.